రెండో పలక

నాలుగో బాయి, మూడో లెవెల్, మందుల గది. రాస్తున్నది ఓదెలు. కుండలు చచ్చిన రోజును ఒకటో రోజుగా వేసుకున్నాను.

1వ రోజు

మూడు కుండలూ పోయాయి. పైన ఎండ యాభై నాలుగు డిగ్రీలు దాటింది. చల్లగాలిని కిందికి లాగే పంపు ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియదు. ఫస్ట్ షిఫ్ట్ సైరన్ కూశాక వచ్చి మూతలు తీస్తే పులిసిన వాసనకు బదులు చచ్చిన ఎలుక వాసన కొట్టింది. మా తాతలు బొగ్గు తవ్విన బాయి ఇది. ఇప్పుడు మేం దీంట్లోనే కాపురం ఉంటున్నాం, ఎండ తగ్గిన పూట మాత్రం పైకి పోయి జొన్నలు పండించుకుంటున్నాం.

నా గదిని అందరూ కల్లు కాంపౌండ్ అంటారు. ఇక్కడ కల్లు చుక్క కూడా దొరకదు. కుండల్లో పెరిగేది ఇన్సులిన్ చెయ్యడం వచ్చిన ఈస్ట్. షుగర్ ఉన్న ఐదుగురు దాని మీదే బతుకుతున్నారు. అది పోయినా మంచుపెట్టెలో విత్తనం ఈస్ట్ ఉంటుంది కదా అని అడగొచ్చు. ఉండేది. మంచుపెట్టె కూడా ఆ పంపు మీదే నడుస్తుంది. అంత తెలివైన ఏర్పాటు చేసిన మహానుభావుణ్ని నేనే.

సీసాల్లో మిగిలిన మందు నలభై రోజులకు వస్తుంది. ఐదుగురిలో ఒకరు మా అక్క సారక్క. మిగతా నలుగురిదీ ముసలితనంలో వచ్చిన షుగరు, ఓ పూట మందు తప్పినా నడుస్తుంది. అక్కకు పదకొండో ఏట వచ్చింది. ఆమె ఒంట్లో ఆ మందు ఒక్క చుక్క కూడా తయారు కాదు. నలభై ఒకటో రోజున ఏమవుతుందో నేను రాయను.

3వ రోజు

వంటశాలలో రొట్టెలు పొంగించే మామూలు ఈస్ట్ ఉంది. దానికి ఇన్సులిన్ చెయ్యడం నేర్పాలి. నేర్పడమంటే ఆ మందు రాతను అచ్చువేసి దాని పొట్టలో పెట్టడమే. పెద్దవాళ్లు కిందికి దిగేటప్పుడు ఆ రాతను రెండు ఇనుప పలకల మీద చెక్కించి తెచ్చారు. ఇవాళ వాటిని గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాను.

ఆ రాతను అచ్చుపెట్టెకు ఎక్కించాలి, దాని మీటలేమో బొగ్గు దుమ్ముకు పట్టేశాయి. ఒక్కోటి నొక్కాలంటే మేకు దిగ్గొట్టినంత పని. అదృష్టం కొద్దీ పెట్టెకు చెవి ఉంది, పైకి చదివితే విని రాసుకుంటుంది. చదవడానికి అక్కను పిలిచాను. రేషన్ కొట్టులో ముప్పై ఏళ్లుగా జొన్నలు కొలుస్తున్న గొంతు అది, మూడు గ్యాలరీల అవతలికి వినిపిస్తుంది.

“గిదేనా నా మందు? గీ గీతలా?” అంది పలకను వేలితో తడుముతూ.

“మందు కాదక్కా. మందు ఎట్ల చెయ్యాల్నో చెప్పే రాత. ఈస్ట్ దీన్ని సదువుకుంట పోతది, సదివింది సదివినట్టు మందు అల్లుతది.”

“నాలుగే అక్షరాలున్నయ్ గదరా. అ, థ, గ, స. నేను బడికి పోయింది రెండేండ్లు. నాకే ఇంతకన్న ఎక్కువొచ్చు.”

“నీల, నాల, గడ్డిపోసల, దోమల గూడ గవ్వే నాలుగు. వరస మారుతది, గంతే.”

“అయితె దోమా నువ్వూ ఒక్కటే బడిల సదివిన్రన్నట్టు.”

రెండు పలకలెందుకని అడిగింది. నిజానికి ఒంట్లో ఈ రాత ఒంటిపేట కాదు. రెండు పేటలు, వాటి మధ్య మెట్లు, మొత్తం కలిసి తాడులా మెలిపడి ఉంటాయి. ఒక పేటలో అ ఉన్న చోట ఎదుటి పేటలో థ ఉంటుంది, గ ఉన్న చోట స ఉంటుంది. ఇంకోలా కుదరదు. అదే చెప్పాను.

“అంటె అ ఇంటోళ్లు థ ఇంటికే పిల్లనిస్తరు, గ ఇంటోళ్లు స ఇంటికి.”

“అచ్చం గట్లనే.”

“మంచి పద్ధతే. ఈ ఇంట్ల ఎవలున్నరో తెలిస్తె ఎదురింట్ల ఎవలున్నరో అడుగ పనిలేదు.”

నేను పుస్తకాలు ముందేసుకుని రెండేళ్లలో నేర్చుకున్న ముక్కను ఆవిడ నిలబడ్డ చోట చెప్పేసింది. పలకలు రెండుండేది అందుకే. ఒకదాన్ని చదివి, రెండోదానితో సరిచూడాలి. కాకపోతే రెండో పేట ఎదురు నడుస్తుంది, కాబట్టి రెండో పలకను కింది నుంచి పైకి చదవాలి. మెడ నరాలు తెగే పని.

ఒకే అక్షరం వరసగా వస్తే ఎన్నో లెక్క చెప్పమన్నాను. “స మూడు” అంటే పెట్టె మూడు స-లు వేసుకుంటుంది. అక్క చదివింది. నేను తెర చూస్తూ కూర్చోవాలి గానీ మధ్యలో పంపు మళ్లీ దగ్గితే రెండుసార్లు లేచి పోయాను. నాకు ఒకచోట కూర్చునే గుణం లేదని నన్ను కన్న అవ్వ బతికున్నప్పుడే తేల్చేసింది.

రెండో పలకతో సరిచూడడమైంది. – ఓదెలు.

4వ రోజు

నాలుగు సీసాలు, నాలుగు అక్షరాల మందు నీళ్లు. అచ్చుపెట్టె ఒక్కో సీసా నుంచి ఒక్కో అక్షరం తీసుకుని గొలుసుకు తగిలిస్తూ పోతుంది. ఎదుటి పేట మొదటిదాన్ని చూసుకుంటూ అల్లుకుంటుంది. సాయంత్రానికి గొలుసు తయారైంది, రొట్టె ఈస్ట్‌కు ఎక్కించాను. పది రోజులు పెరగాలి. నేను పది నిమిషాలు ఆగలేను, పది రోజులట.

9వ రోజు

కుండలో నురుగు బాగుంది. పొద్దున నాలుగుసార్లు, మధ్యాహ్నం మూడుసార్లు మూత తీసి చూశాను. మా డాక్టరమ్మ తబస్సుమ్ తలుపు దగ్గర నిలబడి, “అన్నా, బిర్యానీ కూడ ఇన్నిసార్లు మూత తీస్తె ఉడకది” అంది. ఆ తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాను.

14వ రోజు

పరీక్ష పట్టీ ముంచాను. మందు ఉంటే పట్టీ మీద రెండో గీత రావాలి. రాలేదు. ఇంకో పట్టీ ముంచాను. అదీ అంతే.

రొట్టెల ఈస్ట్‌దే తప్పు. దాన్ని అంబలి తాగించి పెంచారు, దానికి చదువు ఎక్కడ వంటబడుతుంది? వంటశాలకు పోయి అక్కడి ముసలమ్మతో పోట్లాడి కొత్త ఈస్ట్ తెచ్చాను. అక్క చదివిన అక్షరాల జాబితా పెట్టెలోనే ఉంది, మళ్లీ చదవనక్కర్లేదు. సాయంత్రానికి రెండో అచ్చు మొదలైంది.

అక్క అడిగితే “మొదటి కుండ ఎప్పుడూ గట్లనే” అని చెప్పాను. నేనేదో వంద కుండలు పెట్టినవాడిలా.

19వ రోజు

పంపు పళ్లు మార్చాను. నీళ్లు మార్చాను. నేల కడిగాను. ఉప్పు తూచే కాటాను విప్పి మళ్లీ బిగించాను, ఒక మరమేకు మిగిలిపోయింది. అది ఎక్కడిదో తెలియక సగం షిఫ్టు పోయింది.

25వ రోజు

రెండో గీత రాలేదు.

థ సీసా అడుగంటింది. ఒక అచ్చుకు సరిపోతుంది, రెండింటికి రాదు. పట్టీ ఒకటే మిగిలింది. తబస్సుమ్ వచ్చి సీసాలు లెక్కపెట్టింది. రేపటి నుంచి అందరికీ మందు తగ్గిస్తానంది. మిగతావాళ్లు తట్టుకుంటారు.

“మా అక్క?” అన్నాను.

“సారక్కకు కొంచెమే తగ్గిస్త. ఎక్కువ తగ్గిస్తె ఏమైతదో నీకు ఎరుకే.”

నాకు ఎరుకే. ఒంటికి చక్కెర అందక కొవ్వును కాల్చుకుంటుంది, రక్తం పులుస్తుంది, మనిషి స్పృహ తప్పుతుంది. నాకు పన్నెండేళ్లప్పుడు ఒకసారి చూశాను. అప్పుడు అవ్వ ఉంది. నేను మంచం కింద దాక్కున్నాను.

27వ రోజు

అందరినీ తిట్టడం అయిపోయింది. ఈస్ట్‌ను, పంపును, నీళ్లను, ఉప్పును, వంటశాల ముసలమ్మను తిట్టాను. తిట్టడానికి ఇక ఎవరూ మిగలక రెండో పలక ముందు కూర్చున్నాను.

మూడో రోజు రాసింది అబద్ధం. నేను రెండో పలకతో సరిచూడలేదు. అక్క చదవడం అయ్యేసరికి పంపు ఆగింది, దాని పని అయ్యేసరికి పొద్దుపోయింది, మెడ నొప్పి, విసుగు. మొదటి పలక కళ్లముందే చదివింది కదా, తప్పెక్కడ పోతుందిలే అనుకుని సంతకం గీకాను. కొట్టేసి దిద్దడం నాకు ఇష్టం లేదు. అది అట్లాగే ఉంటుంది, దాని కింద ఇదీ ఉంటుంది.

భూతద్దం పట్టుకుని కింది నుంచి పైకి మొదలుపెట్టాను. అ కనిపిస్తే జాబితాలో థ ఉందా, గ కనిపిస్తే స ఉందా. సగం అయింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. కళ్లు నీళ్లు కారుతున్నాయి.

28వ రోజు

దొరికింది.

రెండో పలకలో ఒకచోట వరసగా ఏడు అ-లు ఉన్నాయి. పెట్టె జాబితాలో వాటి ఎదుట ఏడు థ-లు ఉండాలి. ఆరే ఉన్నాయి. మొదటి పలక తీసి చూశాను. అందులో ఏడు చక్కగా చెక్కి ఉన్నాయి. ఒక్క అక్షరం తగ్గింది.

ఒక్కటే కదా అనుకోవడానికి లేదు. ఈస్ట్ ఈ రాతను మూడేసి అక్షరాల చొప్పున విడగొట్టి చదువుతుంది. ఒక్కో మూడింటికి మందులో ఒక్కో పూస. మొదటి పలకలో అక్కడ గగస, థథథ, థథథ, థఅస అని ఉంది. ఒక థ పోయేసరికి గగస, థథథ, థథథ దాకా బాగానే వచ్చి, ఆ తర్వాత అస పక్కింటి అక్షరాన్ని లాక్కుంది. అక్కడి నుంచి చివరిదాకా ప్రతి మూడూ తప్పే. అంగీ గుండీ ఒక్కటి పై కాజాలో పెడితే కింద ఎన్ని గుండీలున్నా అన్నీ తప్పే పడతాయి కదా, అట్లా. ఈస్ట్ పాపం రెండుసార్లూ శ్రద్ధగానే చదివింది. మేం రాసిన చెత్తను అక్షరం పొల్లుపోకుండా అల్లింది.

ఏడు ఆరెట్లా అయింది? పలక మీద కళ్లకు కట్టినట్టు ఉంటే ఎట్లా తప్పు చదివింది? కోపం నషాళానికంటింది. నా సంతకం సంగతి ఆ నిమిషంలో గుర్తుకు రాలేదు, మనిషి బుద్ధి అంతే. అక్కను అడగడానికి కొట్టుకు పరిగెత్తాను.

కొట్టు ముందు వరస ఉంది. అందరికన్నా ముందు గట్టయ్య తాత సంచి పట్టుకుని నిలబడ్డాడు. ఆయనా షుగర్ మనిషే, ఒకప్పుడు బొగ్గు టబ్బులు లాగే ఇంజన్ నడిపేవాడు. అక్క ముఖం పాలిపోయి ఉంది, పెదాలు పొడిబారాయి, పక్కన నీళ్ల చెంబు. అయినా మానికతో జొన్నలు ముంచి సంచిలో పోస్తూ, ఎప్పటిలాగే రాగం తీస్తూ లెక్కపెడుతోంది.

“లాభం… రెండు… మూడు… నాలుగు… ఐదు… ఆరు… ఆరున్నొక్కటి… ఎనిమిది.”

నేను అక్కడే ఆగిపోయాను.

“అక్కా. ఇంకోసారి కొలువు.”

“ఏందిర ఓదెలూ,” అన్నాడు గట్టయ్య తాత, “నాకు ఒక మానిక ఎక్కువ పడ్డదని కడుపు మండుతుందా?”

నేను పుట్టినప్పటి నుంచి వింటున్న లెక్కే అది. కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనరు, ఏడుపు ఇంటికి వస్తుందని. ఆరున్నొక్కటి అంటారు. నేనూ అంటాను. ఎప్పుడూ వింటున్నది కాబట్టే నా చెవికి ఆనలేదు. పెట్టెకు మాత్రం ఆనింది. ఎక్కడో పట్నపు గొంతులు విని మాట నేర్చుకున్న పెట్టె అది, వాళ్లు జొన్నలు కొలిచి ఎరగరు. “థ ఆరున్నొక్కటి” అంటే ఆరు అందుకుంది, తోకను గొణుగుడు అనుకుని వదిలేసింది.

వరసను పక్కకు జరిపి అక్కకు చెప్పాను. గుండీల సంగతి చెప్పాక ఆవిడకు అర్థమైంది.

“మరి ఏడని ఎందుకనలే నువ్వు?” అన్నాను. నా గొంతు లేచింది.

“తినే గింజల కాడ, మందు కాడ ఆ మాట ఏ నోటితోనంటర్రా? అవ్వ అనలే. అవ్వకు వాళ్లవ్వ నేర్పింది. నాకు అవ్వ నేర్పింది.” మానికను జొన్నల డబ్బా మీద పెట్టింది. “అంటె నా నోటితోని నా మందు నేనే చెడగొట్టుకున్ననా?”

నేను అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. “పెట్టెదే తప్పు” అని గొణిగి వచ్చేశాను. అవ్వ నోటి నుంచి అక్క నోటికి, ఒక్క అక్షరం కూడా జారకుండా మూడు తరాలు దిగిన మాట. దాన్ని తప్పనడానికి నాకు ఏ ముఖం ఉంది? జారవిడిచింది నేను.

29వ రోజు

తెల్లారి తబస్సుమ్ దవాఖానలో అక్క సూదికి వచ్చి ఉంది. ఇద్దరి ముందూ ఈ పుస్తకం తెరిచి మూడో రోజు పేజీ చూపించాను.

“నేను సరిచూడలే. చూసిన్నని రాసిన. చూసి ఉంటె నాలుగో రోజే దొరికేది. ఇరవై ఐదు రోజులు నా వల్ల పోయినయ్.”

తబస్సుమ్ సంతకం దగ్గర వేలు పెట్టి, “ఇది నీదేనా అన్నా?” అంది. నాదే అన్నాను. సూది మరగబెట్టడానికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

“నిన్న సాయంత్రమంత నా నోటిని నేను తిట్టుకున్న,” అంది అక్క. “బుక్కెడు నీళ్లు తాగి మళ్ల తిట్టుకున్న. నువ్వు జూసుకుంట ఊకున్నవ్.”

“తప్పయింది అక్కా.”

“తప్పయిందంటె అయిపాయెనా? లే. పలకలు రెండూ తే.”

జాబితాలో ఒక్క థ చేర్చితే చాలని చెప్పాను. ఆవిడ వినలేదు. మొత్తం మళ్లీ చదవాలంది. బల్లకు అటు ఒకరు, ఇటు ఒకరు కూర్చున్నాం. మొదటి పలక నాకు, రెండోది ఆవిడకు. నేను పైనుంచి దిగుతూ ఒక అక్షరం అంటాను, ఆవిడ కింది నుంచి ఎక్కుతూ దాని జోడు అంటుంది. నేను గ అంటే ఆవిడ స, నేను అ అంటే ఆవిడ థ. మధ్యలో మూడుసార్లు నీళ్లు తాగింది. నేను ఒక్కసారి కూడా లేవలేదు. పంపు దగ్గింది. దగ్గనీ అనుకున్నాను.

ఆ చోటికి వచ్చాం.

“థ ఏడు,” అన్నాను.

ఆవిడ వేలు ఏడు అ-ల మీద ఒక్కొక్కటిగా నడిచింది. నోరు తెరిచి, మూసింది. కొంగుతో పెదాలు తుడుచుకుంది. నేను తొందరపెట్టలేదు, నా జన్మలో అది మొదటిసారి.

“అ… ఏడు.”

అని, తలెత్తి పైకప్పు వంక చూసింది. కాసేపు అట్లాగే చూసింది.

“ఆ మాట అన్న. ఏమైంది? బాయి కూలిందా?” అని నన్నే గద్దించింది. “కానియ్, ముందుకు నడువ్.”

సాయంత్రం మేకులాంటి మీటను బొటనవేలితో నొక్కి ఆ ఒక్క థ చేర్చాను. గోరు చిట్లింది. మూడో అచ్చు, ఆఖరి అచ్చు మొదలైంది. థ సీసాను తలకిందులు చేసి ఆఖరి బొట్టు దాకా రాల్చాను.

33వ రోజు

కుండ మూత తీయలేదు. తీయకుండా ఉండడానికి అక్క ఇంట్లో నీళ్లు మోశాను, కొట్టులో జొన్నలు కొలిచాను. నేను కొలిస్తే ఎవరికీ నమ్మకం లేదు. గట్టయ్య తాత సంచి ఇంటికి తీసుకుపోయి మళ్లీ కొలుచుకున్నాడట.

36వ రోజు

అక్క కొట్టు మెట్ల మీద కూలబడింది. దవాఖానకు మోసుకుపోయాం. ఊపిరి బరువుగా, లోతుగా తీస్తోంది. ఆ ఊపిరిలో మాగి చెడిన పండు వాసన వస్తోంది. పన్నెండేళ్లప్పుడు మంచం కింద ఉండి నేను పీల్చిన వాసన అదే.

తబస్సుమ్ మిగతా నలుగురి సీసాలు తెరిచింది. వాళ్లను అడగాల్సిన పని రాలేదు, వాళ్లే తెచ్చి బల్ల మీద పెట్టారు. ఇట్లా పడిపోయిన మనిషికి మామూలు కన్నా ఎక్కువ మందు పడుతుంది, అందరివీ కలిపితే మూడు రోజులకు వస్తుంది. అది కూడా అక్కను ఇట్లా పట్టి ఉంచడానికి, లేపడానికి కాదు.

నేను దవాఖానకూ కుండల గదికీ మధ్య నడుస్తున్నాను. నూట అరవై అడుగులు. ఎన్నిసార్లు నడిచానో లెక్క లేదు. భయంగా ఉంది. ఇంకో రకంగా రాయడం నాకు చేతకాదు.

39వ రోజు

ఆఖరి పట్టీ ముంచాను. రెండో గీత వచ్చింది. కానీ ఎంత పలుచగా ఉందంటే, నేను ఉందన్నాను, తబస్సుమ్ తల అటూ ఇటూ తిప్పి చూసి ఉన్నట్టుంది అంది. పట్టీల డబ్బా మీద గడువు ఐదేళ్ల కిందట దాటింది.

కుండను వడగట్టి, కడిగి, మళ్లీ వడగట్టి, చిన్న సీసాడు మందు తీశాం. చూడడానికి నీళ్లలా ఉంది. నీళ్లే కూడా కావచ్చు.

“ఇది సారక్కకు ఇయ్యలేనన్నా,” అంది తబస్సుమ్. “మందు కాకపోతె ఆమెకు ఆగే టైం లేదు, పాత మందు ఆపి దీని మీద పెట్టలేను. మందే అయితే ఎంత బలమున్నదో తెల్వది. ఎక్కువైతే ఆమె తట్టుకోది.”

గట్టయ్య తాత తలుపు దగ్గరి నుంచి, “నాకెయ్యి బిడ్డా, నేను తినేదంత తిన్న” అన్నాడు. ఆయన ఒంట్లో షుగరు దాని ఇష్టం వచ్చినట్టు ఎక్కి దిగుతుంది, ఆయనలో ఏం తేలుతుంది?

“నాకెయ్యి,” అన్నాను.

“నీకు షుగరే లేదు కదన్నా.”

“లేదు గనుకనే. బాగున్నోడి ఒంట్ల షుగర్ ఒక్కతీరుగ ఉంటది. సూదేస్తె దిగిందనుకో, ఇది మందు. ఎంత దిగితె గంత బలం. దిగలేదనుకో, ఇది నీళ్లు.”

తబస్సుమ్ సీసాను వెలుగుకు పట్టి చూసింది. “మరీ దిగితె ఫిట్స్ వస్తయ్. స్పృహ పోతది. అంతకన్న ఎక్కువ కూడ అయితది.”

“ఎరుకే.”

“పొద్దుగాల ఏం తినకుండ రా,” అంది.

40వ రోజు

ఫస్ట్ షిఫ్ట్ సైరన్ కూసింది. అక్క మంచం పక్క మంచంలో నేను. తబస్సుమ్ చూసి చెబుతోంది, నేనే రాస్తున్నాను, ఊరికే పడుకోలేను కాబట్టి.

సూదికి ముందు నా షుగర్ 94. పొట్ట మీద గుచ్చింది. చీమ కుట్టినట్టు కూడా లేదు.

పది నిమిషాలు. 95.

ఇరవై నిమిషాలు. 93. ఇది నీళ్లు. నలభై రోజులు నీళ్లు కాశాను.

అక్క కళ్లు సగం తెరిచి ఉన్నాయి. నన్ను చూస్తోందో లేదో తెలియదు. పిలిస్తే పలకలేదు.

ముప్పై ఐదు నిమిషాలు. 84.

తబస్సుమ్ ఇంకోసారి చూసింది. 83.

నలభై ఐదు. 70. ఆకలి. మామూలు ఆకలి కాదు, మంచం కోడును కొరికి తినాలనిపించే ఆకలి. అరచేతులు తడిశాయి.

యాభై ఐదు. 58. చెయ్యి వణుకుతోంది, అక్షరాలు గీత దాటిపోతున్నాయి. గుండె దడదడలాడుతోంది. నవ్వొస్తోంది. నా ఒంట్లో ప్రతి వణుకూ మంచి వార్తే.

తబస్సుమ్ ఒక చేత్తో చక్కెర నీళ్ల గ్లాసు పట్టుకుని నా నోటి దగ్గర పెట్టింది. “చాలన్నా. తెలిసింది. తాగు.”

“ముందు అక్కకు సూది.”

“పిచ్చా? 49కి వచ్చినవ్!”

నేను పళ్లు బిగించాను. ఆవిడ నన్ను ఉర్దూలో రెండు, తెలుగులో నాలుగు తిట్టింది, అవి ఈ పుస్తకంలో రాయలేను. గ్లాసు గట్టయ్య తాత చేతిలో పెట్టి, సీసా తీసి, నా 49ని చూసి కొలత తగ్గించి, అక్క చేతికి గుచ్చింది. సూది బయటికి వచ్చాకే నోరు తెరిచాను. తాత సగం నీళ్లు నా మెడ మీద పోశాడు.

మధ్యాహ్నం. సెకండ్ షిఫ్ట్ సైరన్ తర్వాత. నాది 102. అక్కది 446 నుంచి 390, అక్కడి నుంచి 317, ఇప్పుడు 238. ఊపిరి తేలికపడింది. ఆ పండు వాసన తగ్గింది. దగ్గరికి వంగి రెండుసార్లు వాసన చూశాను.

సాయంత్రం. అక్క కళ్లు తెరిచి నీళ్లు అడగలేదు. నెల రోజులుగా కళ్లు తెరిస్తే నీళ్లే అడిగేది.

“ఆకలైతంది,” అంది.

తబస్సుమ్ తలూపింది. గట్టయ్య తాత ఇంటికి పోయి గిన్నెలో జొన్న గటక తెచ్చాడు. లేపి కూర్చోబెట్టాం. తినిపించబోతే నా చెయ్యి తోసేసి తనే కలుపుకుంది. మెల్లగా నాలుగు ముద్దలు తింది. ఐదో ముద్ద చేతిలోకి తీసుకుని ఆగి, నా ముఖం చూసింది.

“నోరు తెరువ్,” అంది. “నీ షుగరు మస్తు దిగిందట గద.”